కమాను కథ: కారు స్ప్రింగులను ఇంటివద్ద మార్చుట

ఫారసీ భాషలో కమాన్ అనగా విల్లు. ఉర్దూ కవులు ప్రేయసి కనుబొమలకు ఉపమానముగా వాడుకొనిన ఈ పదము మన తెలంగాణ తెలుగులో ప్రవేశించి రెండు వేర్వేరు వస్తువులకు పేరైనది. కరీంనగరు నడిబొడ్డున ఉన్న తోరణద్వారము కమాను. హైదరాబాదులో చార్మినారుకు చేరువన నిలిచిన నాలుగు ద్వారములు చార్ కమాన్. మరియొకవైపు లారీ క్రింద, టాంగా క్రింద ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు కూడ కమాన్లే. రెండింటి ఆకారమును విల్లు వంటిదే. అయితే రాతి కమాను వంగకుండుటచే బరువు మోయును. ఉక్కు కమాను వంగుటచే మోయును.

తెలుగు పాఠము చెప్పువారికి కారు కమాన్లతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. రెండేండ్ల క్రితము వేసవి సెలవులలో, వెల్గటూర్‌లోని మా ఇంటి వాకిట, మా పూర్వవిద్యార్థి ఒకని కారుకు స్ప్రింగులు మార్చుచుండగా, ఒక స్ప్రింగు అతని చెవి ప్రక్కనుండి దూసుకొనిపోయి నీళ్ల గోలెమును పగులగొట్టినది. ఆ తప్పులో సగము మాది. ఆనాటినుండి ఈ విషయమును చదివి, తెలిసినవారిని అడిగి, గ్రహించినంత వరకు ఇచట వ్రాయుచున్నాము. కారు నడుపు విద్యార్థులు మన కళాశాలలోనే పలువురు ఉన్నారు గనుక ఇది వ్యర్థము కాదని మా నమ్మకము.

ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. గతుకు వచ్చినపుడు ఇరుసు ఎంత ఎగిరిన, బండిలోని మనిషియు అంతే ఎగురును. బండి మెల్లగా పోవును గనుక ఆ బాధ సహ్యము. వేగము పెరిగిన కొలది బాధ మాత్రమే కాదు, ప్రమాదమును పెరుగును. ఎగిరిన చక్రము నేలను తాకనంతసేపు దానికి మలుపును లేదు, బ్రేకును లేదు. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అను బండ్లు చేయువాడు 1804లో రెండు విల్లులను ఎదురెదురుగా కలిపిన కమాన్లకు పేటెంటు పొందినాడు. మన దేశపు రోడ్లపై 2014 వరకు తయారైన అంబాసిడరు కారుకు వెనుక చక్రములవద్ద కమాను పట్టీలే ఉండెడివి. నేడు చిన్న కార్లలో అధికభాగమునకు ముందు చక్రములవద్ద ఉన్నది చుట్టల స్ప్రింగు. దాని నడుమ నూనె నిండిన షాక్ అబ్జార్బరు నిలువుగా ఉండును. మన మెకానిక్కులు దానిని షాకప్ అందురు. ఈ రెండింటిని ఒకే నిలువు కంబముగా కూర్చిన పద్ధతి మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు పేరుతో ప్రసిద్ధమైనది.

ఇందు ఎవరి పని వారిది. బరువు మోయునది, గతుకులోని దెబ్బను తనలో దాచుకొనునది స్ప్రింగు. అయితే దాచుకొనినది అది తిరిగి ఇచ్చివేయును. ఊరకయుండనిచ్చిన కారు ఊయలవలె ఊగుచునే ఉండును. ఆ ఊపును అణచునది షాకప్. లోపలి నూనెను సన్నని రంధ్రములగుండా నెట్టి, ఊపులోని శక్తిని వేడిగా మార్చి గాలిలో కలిపివేయును. కనుక స్ప్రింగు బిరుసునకు తగిన షాకప్ ఉండవలెను. ఒకదానిని మార్చి రెండవదానిని అట్లే ఉంచుట అరకొర పని.

ఇక స్పోర్ట్సు కారు మాట. మా విద్యార్థి పట్టిన పట్టు దానిగురించియే. అన్న దుబాయిలో ఉండి పంపిన డబ్బుతో పాత చిన్నకారు ఒకటి కొన్నాడు. కారు నేలకు ఆనుకొనినట్లు క్రిందికి ఉన్న స్పోర్ట్సు కారువలె కనిపించునని, ఒక పనివానిచేత నాలుగు స్ప్రింగులలోను ఒక్కొక్క చుట్ట గ్యాసుతో కోయించినాడు. ఇట్టి కోత ఈ ఒక్క కుర్రవానితో మొదలైనది కాదు; మన పట్టణములలో చాలమంది యువకులు చేయించుచున్నారు.

నిజమైన స్పోర్ట్సు కారు క్రిందికి ఉండుటకు కారణమున్నది. మలుపు తిరుగునపుడు లోపలి చక్రములమీది బరువు వెలుపలి చక్రములకు జరుగును. గరిమనాభి ఎంత క్రిందికి ఉన్న ఆ జరుగుబాటు అంత తక్కువ. అయితే తయారీదారుడు అందుకు స్ప్రింగుతోబాటు షాకప్‌ను, చక్రమును పట్టు చేతులను, క్రిందిభాగమును అన్నింటిని కలిపి లెక్కకట్టును. అమెరికా స్పోర్ట్సు కారు కార్వెట్‌కు 1963 మొదలు 2019 మోడలు వరకు వెనుక చక్రముల నడుమ అడ్డముగా పరచిన కమాను పట్టీయే ఉండెను. 1981లో కొన్ని కార్లకు ఉక్కుకు బదులుగా గాజునార కలిపిన ప్లాస్టిక్ పట్టీ వచ్చినది. లారీకి ఉన్నదని కమానును చిన్నచూపు చూచువారికి ఈ సంగతి చెప్పుట మాకు ఇష్టము.

కోసిన స్ప్రింగు మెత్తబడునని పలువురి భ్రమ. జరుగునది దానికి విరుద్ధము. చుట్టల స్ప్రింగులో వంగు తీగ పొడవు తగ్గిన కొలది బిరుసు పెరుగును. పనిచేయు చుట్టలు ఆరు ఉన్నచోట ఒకటి తీసివేసిన, బిరుసు 20 శాతము హెచ్చును. తీగ మందమునకు ఉన్న ప్రభావము మరింత గొప్పది: 10 మిల్లీమీటర్ల తీగకు బదులు అదే కొలత చుట్టలను 11 మిల్లీమీటర్ల తీగతో చుట్టిన, బిరుసు దాదాపు 46 శాతము పెరుగును, ఏలయన మందము నాలుగవ ఘాతముగా లెక్కలోనికి వచ్చును. ఇంతియేకాక గ్యాసు మంట తగిలినచోట ఉక్కుకు పెట్టిన పదును పోవును. కోసిన కొన తన గిన్నెలో సరిగా కూర్చొనదు. చక్రము గుంటలోనికి పూర్తిగా జారినపుడు పొట్టి స్ప్రింగు వదులై ప్రక్కకు తొలగవచ్చును. పైకి ఎగిరినపుడు ఆగుటకు చోటు లేక రబ్బరు దిమ్మను దెబ్బమీద దెబ్బ కొట్టును. రాయపట్నం రోడ్డులో ప్రతి స్పీడు బ్రేకరుపైన ఆ కారు కడుపు రాచుకొనుచుండగా మేమే విన్నాము. కోటిలింగాల రేవు చూడబోయి వచ్చునప్పటికి సైలెన్సరు గొట్టము ఊడి వ్రేలాడినది.

చట్టము మాట కూడ చెప్పవలెను. మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమమును గట్టిగా చెప్పినది. కనుక అతడు మొదటి కొలతల స్ప్రింగులనే తిరిగి వేయుటకు ఒప్పుకొనినాడు. పని మన వాకిటనే చేసికొందమని అన్నది, చెప్పుటకు సిగ్గగుచున్నది, మేమే.

పని క్రమము ఇది. నేల గట్టిగా, సమముగా ఉండవలెను. మెత్తని మట్టిలో జాకీ దిగబడును. హ్యాండ్ బ్రేకు వేసి, ఎత్తని చక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టవలెను. చక్రపు నట్లను కారు నేలపై ఉన్నపుడే కొంచెము వదులు చేయవలెను. తర్వాత జాకీతో ఎత్తి, శరీరము క్రింద ఇనుప స్టాండ్లు నిలిపి, బరువు వాటిమీదికి దించవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఇటుకలు పేర్చి వాటిమీద నిలుపుట ఇంకను చెడ్డది. ఇటుక చెప్పకుండ పగులును.

చక్రము తీసిన పిదప కంబమునకు తగిలించియున్న బ్రేకు గొట్టమును విడదీయవలెను; దానిని బరువుతో వ్రేలాడనీయరాదు. కంబము అడుగున రెండు బోల్టులుండును. వాటిని విప్పకముందే చుట్టును సుద్దముక్కతో గీత గీయుట మంచిది. తిరిగి బిగించునపుడు అదే గీతకు చేర్చిన చక్రపు వాలు ఎక్కువగా చెడదు. సుద్దముక్కకు మావద్ద కొదువ లేదు గదా. బానెటు క్రింద కంబపు తలవద్ద చుట్టును చిన్న నట్లు, నడుమ ఒక పెద్ద నట్టు కనిపించును. చుట్టునున్నవి విప్పిన కంబము మొత్తముగా బయటికి వచ్చును. నడిమి నట్టును మాత్రము తాకరాదు. అణగియున్న స్ప్రింగును ఆపిపట్టినది ఆ నట్టు ఒక్కటే.

ఆ అణగిన స్ప్రింగులో ఎంత బలము దాగియున్నదో కొంచెము లెక్క చూతము. ఎంత లాగిన అంత బలము అను నియమమును రాబర్ట్ హుక్ 1676లో అక్షరములు తారుమారుచేసి చిక్కుముడిగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పినాడు. మిల్లీమీటరు అణచుటకు 2 కిలోల బరువు కావలసిన స్ప్రింగు అనుకొందము. దానిని 12 సెంటీమీటర్లు అణచుటకు 240 కిలోల బరువు కావలెను. బరువు సున్నానుండి క్రమముగా పెరిగినది గనుక అందులో సగమును దూరముతో హెచ్చవేసిన, దాగిన శక్తి 14.4 కిలోగ్రాము మీటర్లు. అనగా పది కిలోల బండరాయిని భుజము ఎత్తునుండి విడిచినంత. రాయి క్రిందికే పడును. స్ప్రింగు ఎటు పోవునో చెప్పలేము.

కనుకనే స్ప్రింగు కంప్రెసరు అను సాధనము. పొడవాటి మరల కడ్డీలు రెండు, వాటికి కొక్కెములు. స్ప్రింగునకు రెండు ప్రక్కల సరిగా ఎదురెదురుగా తగిలించి, ఒకటి కొన్ని చుట్లు, రెండవది కొన్ని చుట్లు, సమానముగా బిగించుచు పోవలెను. స్ప్రింగు గిన్నెలో వదులై చేతితో కదలినప్పుడు మాత్రమే నడిమి నట్టు విప్పవలెను. బిగించునంతసేపు ముఖము స్ప్రింగు కొనలకు ఎదురుగా ఉంచరాదు.

మా పొరపాటు ఎక్కడ జరిగినదో ఇప్పుడు తెలియగలదు. కోసిన పాత స్ప్రింగు పొట్టిది గనుక కంప్రెసరు అవసరమే దాదాపు లేకుండ బయటికి వచ్చినది. ఇంత సులభమా అని ఇద్దరమును నవ్వుకొన్నాము. కాని క్రొత్త స్ప్రింగు నిండు పొడవుది. దానిని కంబములోనికి ఎక్కించుటకు బాగుగా అణచక తప్పదు. జగిత్యాలనుండి అడిగి తెచ్చిన కంప్రెసరులో ఒక కడ్డీ మరలు అరిగియుండెను. "సార్, అటుపక్క కట్టుతీగ చుడుదామా?" అని అతడు అడిగినాడు. సరే అన్నాము. తీగ తెగినపుడు పెద్ద చప్పుడు కూడ కాలేదు. గోలెము పగిలి నీళ్లు వాకిలినిండ పారిన తరువాత గాని ఏమి జరిగినదో మాకు అర్థము కాలేదు. చప్పుడు విని వచ్చిన అతని తల్లి కొడుకు తలను రెండు చేతులతో తడిమి చూచి, మావైపు తిరిగి, "మీరున్నరని ధైర్యంగ పంపిన సార్" అని మాత్రము అన్నది. ఆమె తిట్టియుండిన బాగుండెడిది.

మరునాడు జగిత్యాలలోని ఒక వృద్ధ ఉస్తాదును బ్రతిమాలి పిలిపించినాము. ఆయన తెగిన తీగను చేతితో పట్టి చూచి, "లెక్చరర్ సాబ్, దీంతోని బర్రెను కూడ కట్టెయ్యరు" అన్నాడు. మంచి కంప్రెసరుతో రెండు ముందు స్ప్రింగులను గంటన్నరలో ఎక్కించినాడు. ఒక ప్రక్క బాగున్నను ఎప్పుడును జతగానే మార్చవలెనని, లేనిచో కారు ఒకవైపు ఒరిగి, బ్రేకు వేసినపుడు ఒకవైపునకు లాగునని చెప్పినాడు. స్ప్రింగు కొన గిన్నెలోని మెట్టునకు ఆనినదా లేదా అని వ్రేలితో తడిమి చూచిన పిదపనే కంప్రెసరు వదులు చేసినాడు. పై రబ్బరును, దాని క్రింది బేరింగును త్రిప్పి చూచి, గరగరలాడుచున్నందున ఒక బేరింగు మార్పించినాడు. వెనుక స్ప్రింగులు ఆనాటి సాయంత్రమే అయినవి. చక్రములు నేలమీదికి దించి, నట్లు చివరి బిగింపు బిగించి, కరీంనగరుకు పోయి చక్రముల వరుస సరిచూపించుకొని రమ్మన్నాడు. విప్పిన కంబమును తిరిగి వేసిన పిదప అది తప్పనిసరి. లేనిచో టైర్లు ఒక అంచున అరిగిపోవును.

కోసిన నాలుగు స్ప్రింగులు కొన్నాళ్లు మా గోడకు ఆనించియుండెను. పాత కమాను పట్టీతో కొడవళ్లు, గొడ్డళ్లు చేయుట మన కమ్మరులకు వాడుకయే గనుక ఊరిలోని కమ్మరికి ఇచ్చినాము. ఆయన గ్యాసుతో కోసిన కొనను రాతిమీద తట్టి చూచి, జానెడు మేర నరికి ప్రక్కన పడవేసి, మిగిలినదానిని కొలిమిలో పెట్టినాడు. దానితో చేసిన ఉలులు రెండు ఊరి వడ్లవానివద్ద ఇప్పటికిని పనిచేయుచున్నవి.