కెరమెరి ఘాట్ దిగే ముందు: కారు బ్రేకుల మీద అపోహలు – వాస్తవాలు

జైనూరు దిక్కు నుంచి ఆసిఫాబాద్‌కు వచ్చే బండి కెరమెరి ఘాట్ దిగాల్సిందే. కేస్లాపూర్ నాగోబా జాతర రోజుల్లో ఈ మలుపుల్లో కార్లు ఒకదాని వెనక ఒకటి పాకుతూ దిగుతాయి. నలుగురెక్కిన చిన్న కారు సుమారు 1200 కిలోలు తూగుతుంది. అది 100 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు వేగం పెరగకుండా బ్రేకులే పట్టి ఉంచితే, పుట్టే వేడితో నాలుగు లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. ఆ వేడిలో ఎక్కువ భాగం భరించాల్సింది ముందు చక్రాల డిస్కులు, అరచేతిలో పట్టేంత ప్యాడ్లు. అందుకే బ్రేకుల గురించి మన దగ్గర చెప్పుకునే కొన్ని మాటలు వింటే నాకు భయమేస్తుంది.

అపోహ: దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: మిగలదు. ఇప్పటి కార్లలో పెట్రోలును కొలిచి పంపేది ఇంజక్షన్ వ్యవస్థ. బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి దిగుతున్నంతసేపు అది పెట్రోలును దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఇంజన్‌ను చక్రాలే తిప్పుతుంటాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ పెట్రోలు కావాలి. అంటే పొదుపు అనుకున్నదే ఖర్చు. పైగా గేరు ఇచ్చే పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇంజన్ బందు చేసి దిగేవాళ్లూ ఉన్నారు. అది ప్రాణంతో చెలగాటం. కాలి బలాన్ని పెంచే బూస్టర్ ఇంజన్ నడుస్తుంటేనే పనిచేస్తుంది. బందు చేశాక అందులో మిగిలిన బలం రెండు మూడు తొక్కుళ్లకే సరి, ఆ తర్వాత పెడల్ బండరాయే. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగ్ కూడా లాక్ కావొచ్చు.

ఏ గేరులో ఘాట్ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, కాసేపు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదలాలి. మాడు వాసన వచ్చి, పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు వదిలాయని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పట్టింది. రెండింటికీ మందు ఒకటే: వెడల్పు చోటు చూసి ఆపి, చల్లారనివ్వడం. నీళ్లు మాత్రం కొట్టకండి. కాలిన డిస్క్ వంకర పోతుంది, పగిలినా పగలొచ్చు.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తే చాలు.

వాస్తవం: మా బావమరిది ఇట్లాగే అనుకున్నాడు. "బావా, ఆయిల్ తగ్గుతాంది, పోసిన, ఇగ ఫికర్ లేదు" అని ఏడాదిలో మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చక్రం విప్పి చూస్తే ప్యాడ్ అరిగి ఇనుప రేకు మిగిలింది, అది డిస్కును నాగలి చాలులా గీసేసింది. ప్యాడ్ అరిగిన కొద్దీ కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. కాబట్టి డబ్బాలో మట్టం మెల్లమెల్లగా తగ్గడం ప్యాడ్లు చూడమని బండి చెప్పే కబురు. పోసేస్తే ఆ కబురు అందదు. ఒక్కసారిగా తగ్గితే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. చక్రాల లోపలి వైపు, పెడల్ పైభాగం తడిగా ఉన్నాయేమో వెతకాలి. తడి కనపడితే ఆ బండి ఇంటి నుంచి కదలకూడదు.

పేరుకు ఆయిలే అయినా దానికి ఇంజన్ ఆయిల్‌తో చుట్టరికం లేదు. ఒక్క చెంచాడు ఇంజన్ ఆయిల్ పడినా లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థ చెడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నూటికి 3.7 పాళ్లు నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మూత తీసిన పాత డబ్బా మూలన ఉంటే వాడకండి. రెండేళ్లకోసారి మార్చాలన్న లెక్క చాలా కార్లకు సరిపోతుంది. మీ కారు పుస్తకం ఇంకా ముందే మార్చమంటే దాని మాటే వినండి.

అపోహ: కీచుమంటే కొబ్బరినూనె చుక్క వేస్తే సరి.

వాస్తవం: దీన్ని మించిన పొరపాటు లేదు. నూనె తాగిన ప్యాడ్ పనికిరాదు, పారేయాల్సిందే. రాత్రంతా వానలో నిలిచిన కారు పొద్దున రెండు మూడు తొక్కుళ్ల దాకా గరగరమంటే అది డిస్క్ మీది తుప్పు, దానంతటదే పోతుంది. రోజూ కీచుమంటుంటే చాలా ప్యాడ్లకు ఉండే హెచ్చరిక రేకు డిస్కును తాకుతోందేమో చూడాలి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి, అదీ రెండు పక్కలా కలిపి. ఒక పక్కే మారిస్తే బండి పక్కకు లాగుతుంది.

అపోహ: రెండుసార్లు పంపు కొడితే పెడల్ గట్టిపడుతోంది కదా, ఏం కాదు.

వాస్తవం: గట్టిపడిందంటేనే లైనులో గాలి చేరి ఉండొచ్చు, వెనక డ్రమ్ములో షూలకు సందు పెరిగి ఉండొచ్చు. వాకిట్లోనే పరీక్షించుకోవచ్చు. ఇంజన్ బందు పెట్టి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అట్లే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టు. తర్వాత అర నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. బయట ఎక్కడా కారకుండానే మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల వదులుతోంది. అది మెకానిక్ పని.

ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా తొక్కినప్పుడు పెడల్ గిలగిల కొట్టుకుంటే రోగం కాదు, అది పనిచేస్తున్న గుర్తు. కాలు తీయకండి.

అపోహ: జాకీ ఉంటే చాలు, ఇంట్లోనే అన్నీ చేసుకోవచ్చు.

వాస్తవం: కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. మన నల్లరేగడి మీద అది వానాకాలంలో కుంగుతుంది. గట్టి నేల కావాలి, మిగతా చక్రాలకు అడ్డం రాళ్లు కావాలి, కారు స్టాండ్ల మీద నిలవాలి. అవి లేకపోతే ప్యాడ్ల పని మొదలుపెట్టొద్దు. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

స్టాండ్లు ఉండి, ముందు ప్యాడ్లు మీరే వేసుకున్నారనుకుందాం. కొత్తవి మందం, అవి పట్టడానికి పిస్టన్‌ను వెనక్కి నెట్టి ఉంటారు. అందుకే మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు తాకుతుంది, బ్రేకు పడదు. అది తెలియక గేరు వేసి గోడకు గుద్దినవాళ్లున్నారు. చక్రాలు బిగించి, కారును కిందికి దించాక, కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఆయిల్ మట్టం మళ్లీ చూడండి. ఆ తర్వాత సమతలంగా ఉన్న ఖాళీ దారిలో నడక వేగంతో నాలుగైదుసార్లు ఆపి చూసి, అప్పుడు ఘాట్ వైపు తిరగండి.