పొట్ట బాగుంటేనే పరుగు

పెదబయలు కొండల్లో చాలా ఇళ్లకు పొద్దున్న ఆధారం చోడి (రాగి) అంబలే. చోడి పిండిని నీళ్లలో కలిపి రాత్రంతా కుండలో వదిలేస్తారు. తెల్లారేసరికి పైన నురగ తేలి, పుల్లటి వాసన కొడుతుంది. ఎసట్లో నూకలు ఉడికాక ఈ పిండి పోసి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పి దించుతారు. పొలానికి పోయేవాళ్లు ఎండిన ఆనపబుర్రలో నింపుకుని పోతారు. ఆశ్రమ పాఠశాల మైదానాల్లో ఉత్తకాళ్లతో పరుగెత్తే పిల్లలు ఈ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే.

అదే పిల్లలు రేపు జిల్లా, రాష్ట్ర పోటీలకు వెళితే ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు, పొడుల మాట చెవిన పడుతుంది. పొట్టలోకి మంచి బ్యాక్టీరియాను పంపితే ఆట మెరుగవుతుందని, మనసు కుదుటపడుతుందని ప్రచారం. అందులో కొంత నిజం ఉంది, ఆ కొంత ఎంతో తెలుసుకోవాలి.

గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం కండరాలకు, చర్మానికి మళ్లుతుంది. పేగులకు అందేది బాగా తగ్గిపోతుంది. దూరపు పరుగులో వికారం, కడుపులో మెలితిప్పడం, విరేచనాలు అందుకే. ఫిన్లాండ్‌లో మారథాన్ రన్నర్లకు 3 నెలలు ప్రోబయాటిక్ ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఆ ఫలితాల్లో జలుబు, దగ్గు తగ్గలేదు కానీ, పరుగు తర్వాత పొట్ట బాధలు త్వరగా సర్దుకున్నాయి. 2011లో ఇంగ్లండ్ పరిశోధకులు మరో రకం బ్యాక్టీరియాతో చేసిన అధ్యయనంలో జలుబులూ తగ్గాయి. అంటే ఒక రకం చేసిన మేలు ఇంకో రకం చేస్తుందన్న హామీ లేదు. డబ్బా మీద ‘ప్రోబయాటిక్’ అని ఉంటే సరిపోదు, ఏ రకమో, ఎంతో రాసి ఉండాలి.

మనసు సంగతికి వస్తే, మలేసియాలో బ్యాడ్మింటన్ ఆడే యువతీయువకులకు 6 వారాలు ప్రోబయాటిక్ పానీయం ఇచ్చారు. ఆందోళన, ఒత్తిడి తగ్గాయని, ఆయాసం లేకుండా ఆడే శక్తి కొంత పెరిగిందని 2021లో ప్రకటించారు. వేగం, కండబలం మాత్రం మారలేదు. పాల్గొన్నది 30 మందే కాబట్టి దాన్ని తుదిమాటగా తీసుకోలేం. మనసు స్థితిని ప్రభావితం చేసే సెరొటోనిన్ అనే రసాయనంలో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, నిజమే. కానీ అది నేరుగా మెదడులోకి పోదు. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉంటూ ఓటమికి కుంగిపోయే పిల్లకు పక్కన కూర్చుని మాట్లాడే టీచరే ముందు మందు.

మరి అంబలి ప్రోబయాటికేనా? పులిశాక ఉడికిస్తారు కాబట్టి బ్యాక్టీరియా చాలామటుకు చచ్చిపోతుంది. చల్లారాక మజ్జిగ కలిపితే బతికున్నది మళ్లీ చేరుతుంది. అంబలి గొప్పదనం వేరేచోట ఉంది. 100 గ్రాముల చోడిలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పులియడం వల్ల ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గుతాయి. రక్తహీనత ఉన్న ఆడపిల్ల ఎంత సాధన చేసినా త్వరగా అలసిపోతుంది. ఆమెకు ఇలాంటి తిండి మేలు చేస్తుంది. 2023లో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజన పథకంలో రాగిజావ చేర్చడం మంచి పని. అంబలినీ అలాగే హాస్టల్ వంటింట్లోకి తేవాలి.

క్యాప్సూల్‌కు ఇంకో చిక్కుంది. కొన్ని రకాలను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, కరెంటు పోతే ఖర్చు వృథా. కల్తీ సప్లిమెంట్ వల్ల ఒంట్లో నిషిద్ధ పదార్థం దొరికితే, డోపింగ్ నిబంధనల ప్రకారం జవాబు చెప్పుకోవాల్సింది క్రీడాకారుడే.

కాబట్టి పీఈటీ మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లల తల్లిదండ్రుల చేత డబ్బాలు కొనిపించకండి. ముందు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, నులిపురుగుల మాత్ర వేయించండి, తాగేవి గెడ్డ నీళ్లయితే కాచి ఇప్పించండి. పరుగు తర్వాత కడుపు ఎలా ఉందని ప్రతి పిల్లనూ, పిల్లాణ్నీ అడగండి.