వర్కౌట్ కాదు సార్!

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ మెట్లు దిగి కొండాపూర్‌కు బేరం ఆడితే ఆటో అతను అనే మాట "ఆ రేటుకు వర్కౌట్ కాదు సార్". తాను ఇంగ్లీషు మాట్లాడుతున్నానని అతను అనుకోడు, మనమూ అనుకోం. కానీ అది ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లను ముప్పుతిప్పలు పెట్టే ఫ్రేజల్ వెర్బ్. వర్క్ అంటే పని, ఔట్ అంటే బయట. రెండూ కలిస్తే లెక్క తేలడం, గిట్టుబాటు కావడం, జిమ్‌లో కసరత్తు చేయడం. విడివిడిగా తెలిసిన రెండు చిన్న మాటలు జతకట్టి తెలియని మాట అయిపోతాయి. చిక్కంతా అక్కడే.

ఈ చిక్కు కొత్తది కాదు. 1755లో నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్ తన పీఠికలోనే, పరదేశీయులకు అన్నిటికన్నా కష్టమయ్యేవి ఇవేనని రాసి, వాటిని శ్రద్ధగా పోగుచేశాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు మాత్రం ఆలస్యంగా వాడుకలోకి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిన ఆ పేరును లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో వాడాడు.

మనకు ఈ ఏర్పాటు మరీ పరాయిదేం కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. ముందు చేరిన ఉపసర్గ అర్థాన్ని ఎక్కడికో లాక్కుపోయింది. వేదభాషలో ఆ ఉపసర్గ క్రియకు దూరంగా, వాక్యంలో ఇంకోచోట కూడా ఉండేది. తర్వాతి సంస్కృతంలో అతుక్కుపోయింది. ఇంగ్లీషులో అది క్రియ వెనక చేరి, ఇప్పటికీ విడిగానే తిరుగుతోంది.

మరి మనవాళ్లకు ఎందుకు ఇబ్బంది? మనం ఇంగ్లీషును చెవితో కాకుండా కంటితో నేర్చుకున్నాం. పాఠ్యపుస్తకం పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్ నేర్పింది. లాటిన్ నుంచి వచ్చిన ఆ పెద్ద మాటలు పరీక్షలో మార్కులు తెచ్చాయి. ఇంగ్లీషువాడు ఇంట్లో, వంటగదిలో, పిల్లలతో అనేవి పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, లుక్ ఇంటూ. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక కరీంనగర్ నుంచీ ఒంగోలు నుంచీ వచ్చిన కుర్రాళ్లు ఎందరో మాదాపూర్ ఆఫీసుల్లో మొదటిసారి అమెరికా కాల్‌లో కూర్చున్నారు. ఇంగ్లీషు పేపర్లో మంచి మార్కులున్నా అవతలివాళ్ల మాట సగమే అందేది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర జావా కోర్సు పక్కనే స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు వేలాడడానికి అదీ ఒక కారణం. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో పెట్టిన జాతీయ సంస్థ, నేటి ఇఫ్లూ, అదే ఊళ్లో తార్నాక దగ్గర ఉంది. కానీ ఈ విద్య ఎక్కువమందికి అబ్బింది హెడ్‌సెట్‌లోంచే.

నిజానికి కొన్ని ఫ్రేజల్ వెర్బులు హైటెక్ సిటీ కన్నా చాలా ముందే తెలుగులో కాపురం పెట్టాయి. తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా ఫైలు "పుటప్" చేస్తాడు. స్టేషన్లో లాకప్, అసెంబ్లీలో వాకౌట్, ఊరి చివర లేఔట్, థియేటర్ ముందు కటౌట్. గెటప్ నాటకాలవాళ్లు ఇచ్చారు. ఇక "బిల్డప్ ఇవ్వడం" మనమే కట్టుకున్నది. లేనిది ఉన్నట్టు చూపించుకోవడమన్న ఆ అర్థం, ఆ ఎగతాళి, ఇంగ్లీషులో వెతికినా దొరకవు.

ఇలా ఫ్రేజల్ వెర్బులను తెలుగు చేసుకునే పనిని ఐటీ కారిడార్ పెద్ద ఎత్తున చేసింది. ఎలా చేసిందో చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి పద్ధతి, రెండు ముక్కలూ తెచ్చుకుని గడ్డకట్టించేయడం. "ఫాలో అప్ చేశా", "లాగిన్ అయ్యా", "క్లయింట్ సైన్ ఆఫ్ ఇచ్చాడు", "బ్యాకప్ తీశారా?" ఇంగ్లీషులో కాలం మారితే మార్పు మధ్యలో జరుగుతుంది, ఫాలోడ్ అప్ అనాలి. తెలుగులో ఆ బరువంతా చేయు, అవు, ఇచ్చు, తీయు మోస్తాయి. పైగా ఏ క్రియ తగిలించామన్నదే సగం కథ చెబుతుంది. "ప్రాజెక్టు నుంచి రోల్ ఆఫ్ అయ్యాడు" అంటే ఎవరి తప్పూ లేనట్టు. "రోల్ ఆఫ్ చేశారు" అంటే వెనక మేనేజర్ ఉన్నాడు. సైన్ ఆఫ్‌ను మాత్రం ఎవరూ "చేయరు", క్లయింట్ దయతలచి "ఇస్తాడు".

రెండో పద్ధతిలో వెనక ముక్కను, అంటే తోకను, వదిలేస్తాం: "ఎయిర్‌పోర్టులో నేను పిక్ చేసుకుంటా". అప్ ఎటుపోయిందో ఎవరూ అడగరు. మూడోది దీనికి తలకిందులు. స్విచ్, టర్న్ రెండిటినీ పారేసి తోకనే ఉంచుకున్నాం: "కెమెరా ఆన్ చెయ్యండి", "ఏసీ ఆఫ్ చెయ్". ఇందులో తెలివి ఉంది. అర్థం ఏ ముక్కలో ఉందో ఆ ముక్కే తీసుకుని, మిగతా పని చేయుకు అప్పజెప్పాం. ఇదే తిరిగి మన ఇంగ్లీషులోకి వెళ్లి "ఆఫ్ ద ఫ్యాన్" అవుతుంది. ఫోన్ సంగతి వేరు, పిక్ అప్, హ్యాంగ్ అప్ రెండూ మనకు పట్టలేదు. ఎత్తడం నుంచి లిఫ్ట్ చేశాం, దానికి తోడుగా కట్ చేశాం.

ఇంత సులువుగా తెలుగు చేసేసుకోవడం వల్లే ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తడబాటు. "దాన్ని పికప్ చెయ్యి" అన్నప్పుడు "దాన్ని" ముందే ఉంటుంది, తగువు లేదు. ఇంగ్లీషులో "పిక్ ఇట్ అప్" అని దాన్ని నడుమ ఇరికించాలి. పేరైతే అటూ ఇటూ పెట్టొచ్చు, సర్వనామమైతే నడుమే.

రాత్రి కాల్స్‌లో మరికొన్ని, పొరబడితే నిజంగానే ఖరీదైనవి. రిలీజ్‌ను పుట్ ఆఫ్ చేశారంటే వాయిదా, కాల్ ఆఫ్ చేశారంటే రద్దు. రెండిటి వెనకా ఉన్నది ఒకే ఆఫ్. మీటింగ్ మూవ్ అప్ చేశామని అమెరికావాళ్లంటే ముందుకు జరిపారని, మన ప్రీపోన్ అన్నమాట. పుష్ బ్యాక్ అంటే వెనక్కి జరపడం కావచ్చు, మీ ప్రతిపాదనకు అడ్డు చెప్పడమూ కావచ్చు. ఇవి పుస్తకంలో చదివితే నిలవవు. విన్నచోటే, ఆ వాక్యంతో సహా పట్టుకోవాలి.

హైదరాబాద్‌లో చక్కగా చెల్లి, విమానం దిగాక చెల్లనివీ ఉన్నాయి. "2012లో పాసౌట్ అయ్యా" అంటే అమెరికాలో స్పృహ తప్పి పడిపోయావా అనుకుంటారు. అలాగని అది తప్పుడు మాటేం కాదు. దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో, శివరాంపల్లి పోలీసు అకాడమీలో జరిగేది పాసింగ్ ఔట్ పరేడే. సైన్యపు మాటను మనం కాలేజీకి తెచ్చుకున్నాం. ఫారం మనం ఫిల్ అప్ చేస్తాం, బ్రిటన్‌లో ఫిల్ ఇన్, అమెరికాలో ఫిల్ ఔట్. అక్కడ ఫిల్ అప్ చేసేది కారు ట్యాంకు. "కోప్ అప్ విత్" మాత్రం ఎక్కడా చెల్లదు. కీప్ అప్ విత్, పుట్ అప్ విత్‌లను చూసి కోప్‌కు కూడా తోక తగిలించాం.

విదేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు ఇవి నేర్పాలంటే దారి తెలుగులోనే ఉంది. తిను, తినేయ్. తాగు, తాగేయ్. ఈట్ అప్, డ్రింక్ అప్‌లోని అప్ చేసే పని మన వేయు చేస్తోంది, పని పూర్తయిందని చెబుతోంది. నాలుగు రాళ్లు వెనకేసుకోవడం వేరు, తమ్ముణ్ని వెనకేసుకురావడం వేరు. ఈ తేడా ఎవరూ పట్టిక ఇచ్చి బట్టీ పెట్టించలేదు, ఇంట్లో వినే నేర్చుకున్నాం. అలాంటప్పుడు వెయ్యి ఫ్రేజల్ వెర్బుల జాబితా కొనిపించడం వృథా. డీ గార్డ్‌నర్, మార్క్ డేవీస్ 2007లో పది కోట్ల మాటల బ్రిటిష్ భాషా భాండాగారాన్ని గాలిస్తే, అందులోని ఫ్రేజల్ వెర్బ్ వాడకంలో సగానికి పైగా 20 క్రియలు, 8 తోకల కలయికలే. గో, కమ్, టేక్, గెట్, పుట్ లాంటివీ, అప్, ఔట్, ఆఫ్ లాంటివీ.

విదేశాల్లో తెలుగు సంఘాల తరఫున ఏటా కొత్త విద్యార్థులకు పరిచయ సభ పెట్టే మిత్రులకు ఒక మనవి. బ్యాంకు ఖాతా, ఫోన్ సిమ్, బస్సు పాసులతో పాటు ఓ పావుగంట దీనికీ కేటాయించండి. పాసౌట్, ఫిల్ అప్, కోప్ అప్, ఈ మూడూ మొదటి రోజే చెప్పేయండి.