బేస్‌బాల్ కార్డులు: అసలు, నకలు

అమెరికా దేశమున బేస్‌బాల్ క్రీడాకారుల బొమ్మలను అట్టముక్కలపై ముద్రించి సిగరెట్టు పెట్టెలలో ఉంచి అమ్ముట 19వ శతాబ్దపు చివరి భాగముననే మొదలయ్యెను. పలుచని పెట్టె నలగకుండ నిలుపుట ఆ అట్టకు ఒక ప్రయోజనము. బొమ్మపై ఆశతో మరల అదే సిగరెట్టు కొనిపించుట మరియొకటి. తరువాత పొగాకు స్థానమును చూయింగ్ గమ్ము ఆక్రమించెను. 1933లో గౌడీ కంపెనీ, 1952లో టాప్స్ కంపెనీ వెలువరించిన కార్డులు ఇట్టివే. మన పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు కూర్చుకొనినట్లే అక్కడి బాలురు వీనిని కూర్చుకొనిరి, జేబులలో నలిపిరి, సైకిలు చక్రపు ఊచలకు తగిలించి చప్పుడు చేసిరి. తల్లులు ఇల్లు సర్దునపుడు చెత్తతో పారవేసిరి. నేటి వెలలకు మూలము ఆ అజాగ్రత్తయే.

1952 నాటి టాప్స్ కార్డులలో చివరి విడత ఆలస్యముగా వచ్చి గిడ్డంగిలో మిగిలిపోయెను. 1960లో వానిని పడవపై తరలించి అట్లాంటిక్ సముద్రమున పడవేయించినట్లు, ఆ కార్డుల రూపకర్త సై బెర్గర్ తరువాతి కాలమున చెప్పెను. మికీ మాంటిల్ కార్డు ఆ విడతలోనిదే. దాని ప్రతి యొకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను.

వెల ఇంత పెరిగిన చోట మోసము పుట్టక మానదు. కావున సేకర్తల ప్రదర్శనలో బల్లల వరుసల నడుమ తిరుగువానికి డబ్బు కంటె ముందు కన్ను కావలయును. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన జాతీయ సమ్మేళనము ఇట్టి ప్రదర్శనలలో పెద్దది. అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు అచ్చటికి భూతద్దము, కొలబద్ద, చిన్న అతినీలలోహిత దీపము వెంట తీసికొని పోవును. అసలు కార్డుపై పేరు, గీతలు నిండు సిరాతో అచ్చగును. ఫోటో తీసి అచ్చు వేసిన నకలులో అక్షరములు సైతము చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపించును. కాగితమునకు తెలుపు నిచ్చు రసాయనములు రెండవ ప్రపంచ యుద్ధము తరువాత వ్యాప్తికి వచ్చినవి. కనుక 1910 నాటిదని చెప్పిన కార్డు ఆ దీపము క్రింద నీలముగా మెరసినచో బేరము మాని ముందుకు సాగవచ్చును.

నకలు కంటె ప్రమాదకరమైనది కోత. ఏండ్లు గడచిన కార్డుకు మూలలు అరిగి గుండ్రమగును. అంచులను సన్నగా కత్తిరించినచో మూలలు మరల వాడియగును, వెల పదింతలైనను కావచ్చును. కొలబద్ద దీనిని కొంతవరకే పట్టగలదు. ఆనాటి అచ్చుకూటములలోనే కార్డులు హెచ్చుతగ్గులుగా తెగెడివి. అంచును భూతద్దముతో చూడవలయును. పాత అంచు ముఖభాగము వలెనే మాసియుండును. క్రొత్తగా తెగిన అంచు తెల్లగా, నున్నగా బయటపడును.

ఈ శ్రమ తప్పించుటకే 1991లో పి.ఎస్.ఏ. అను సంస్థ వెలసెను. అది కార్డును పరీక్షించి, 1 నుండి 10 వరకు అంకె వేసి, ప్లాస్టిక్ పలకలో బిగించి ఇచ్చును. నాటినుండి పలువురు కార్డును చూచుట మాని అంకెను చూడసాగిరి. ఆ సంస్థ మొట్టమొదట అంకె వేసిన కార్డు, 1909–11 నాటి టి206 వరుసలోని హోనస్ వాగ్నర్‌ది. దానికి 8 వచ్చెను. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికెను. దాని అంచులను తానే కత్తిరించితినని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో న్యాయస్థానమున ఒప్పుకొనెను. పలకలో బిగించిన కార్డు అంచును వ్రేలితో తడిమి చూచు వీలు లేదు. కోట్ల బేరము మన కందనిది గాని, స్వల్ప ధనము గలవానికి నలిగిన మూలలతో విడిగా దొరకు కార్డే మేలని నా అభిప్రాయము. దానిని చేతబట్టి పరీక్షింపవచ్చును.

టి206 అను పేరు పెట్టినవాడు జెఫర్సన్ బర్డిక్. సిరక్యూస్ నగరమున ఒక విద్యుత్పరికరముల కర్మాగారములో పనిచేసిన సామాన్యుడు. తాను కూర్చిన మూడు లక్షలకు పైబడిన ముద్రిత చిత్రములను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు ధారపోసెను. అందు వాగ్నర్ కార్డును కలదు. కీళ్ళ వ్యాధితో వంగని వ్రేళ్ళతోనే, ఏండ్ల తరబడి ఆ మ్యూజియములో కూర్చుండి వానిని పుస్తకములలో జిగురుతో అంటించెను. జిగురు తగిలిన కార్డుకు నేటి లెక్కలో మంచి అంకె రాదు. 1963 జనవరిలో ఆ పని ముగించెను, మార్చిలో మరణించెను.