మీసాలాయన నలభై ఏళ్ళ గెంతులు

మొన్న వేసవి సెలవుల్లో మా అక్కయ్య కొడుకు ఒక చిన్న ఆటపెట్టె తెచ్చి మా టీవీకి తగిలించాడు. తెర మీద ఎర్రటోపీ, గుబురుమీసాలు గల పొట్టి మనిషి ఒకడు ప్రత్యక్షమయ్యాడు. మా పదకొండేళ్ళ అమ్మాయి చూసి, "ఇవేం బొమ్మలు నాన్నా, అన్నీ చదరపు గళ్ళలాగున్నాయి!" అని పెదవి విరిచింది. పావుగంట తరువాత చూద్దును గదా, బావ చేతిలోని మీటలపలక లాక్కొని తానే ఆడుతోంది. అన్నానికి పిలిస్తే పలికే నాథుడు లేడు. పడక్కుర్చీలోంచి ఇదంతా గమనిస్తున్న మా అమ్మ, "ఆ మీసాలాయన ఎవర్రా? ఎందుకలా గెంతుతాడు?" అని అడిగింది.

అడిగింది చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం నలభై ఏళ్ళు వెనక్కు వెళ్ళి చెప్పవలసి వుంటుంది.

మీసాలు ఎలా వచ్చాయి?

జపానులోని క్యోటో నగరంలో 1889లో పూలబొమ్మల పేకముక్కలు తయారుచేసే సంస్థ ఒకటి పుట్టింది. దాని పేరు నింటెండో. ఆ పేకముక్కల సంస్థే ఎనిమిది దశాబ్దాలు దాటిన తరువాత వీడియో ఆటల్లోకి దిగింది. అమెరికాకు పంపిన ఒక ఆట యంత్రాలు అమ్ముడుపోక గిడ్డంగిలో మూలుగుతుంటే, వాటిలోకి ఎక్కించడానికి కొత్త ఆటను కల్పించే పని షిగెరు మియామోటో అనే యువకుడికి అప్పగించారు. ఆయన బొమ్మలు గీసేవాడే గాని ఇంజనీరు కాడు. ఆయన కల్పించిన 'డాంకీ కాంగ్' 1981లో బయటికి వచ్చింది. పెద్ద కోతి ఒకటి వడ్రంగి ప్రియురాలిని ఎత్తుకుపోయి, ఇనుపదూలాల కట్టడం మీద కూర్చుని, పైనుంచి పీపాలు దొర్లిస్తుంది. వడ్రంగి నిచ్చెనలెక్కుతూ, పీపాల మీదుగా దూకుతూ పైకి చేరాలి. అదీ కథ.

ఆ వడ్రంగే మన మీసాలాయన. ఆనాటి తెర మీద మనిషి బొమ్మకు దక్కేవి కొద్దిపాటి చుక్కలు. నోరు గీయడానికి చోటు లేదు గనుక మీసం పెట్టారు. జుట్టు గీయడం కష్టం గనుక టోపీ తొడిగారు. చేతుల కదలిక తెలియాలి గనుక భుజాల పట్టీల లాగు వేశారు. అమెరికాలో ఆ సంస్థకు గిడ్డంగి అద్దెకిచ్చిన యజమాని పేరు మేరియో. ఆ పేరే ఈయనకు స్థిరపడింది. 1983 నాటికి వడ్రంగం మాని గొట్టాల పనిలో చేరాడు. లుయీజీ అనే తమ్ముడూ వచ్చాడు.

ఈ తరహా ఆటలను ప్లాట్‌ఫారం ఆటలంటారు. ప్లాట్‌ఫారం అనగానే మనకు రైలుస్టేషను గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ అరుగు అని అర్థం. అరుగు మీది నుంచి అరుగు మీదికి దూకడమే ఆట. మన తొక్కుడుబిళ్ళలో గీతల మధ్య గెంతే ఆడపిల్లకు ఈ ఆనందమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

నోరు విప్పని ఉపాధ్యాయుడు

1985 సెప్టెంబరు 13న జపానులో 'సూపర్ మేరియో బ్రదర్స్' విడుదలయింది. మియామోటో, తకాషి తెజుకా కలిసి కల్పించారు. కోజీ కోండో సంగీతం కూర్చాడు. ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు చొప్పున ముప్పైరెండు అంకాలు. ఇదంతా 40 కిలోబైట్లలో ఇమిడింది. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లుంటుంది! పొదుపు ఎంతటిదంటే, ఆకాశంలోని మబ్బూ నేల మీది పొదా ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు.

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి గనుక, నన్ను ఎక్కువగా ఆకర్షించింది మొదటి అంకం. అందులో ఒక్క సూచనా వ్రాసి వుండదు. మీసాలాయన తెరకు ఎడమవైపున నిలబడతాడు; కుడివైపంతా ఖాళీ. అంటే కుడివైపుకు నడవాలన్నమాట. నాలుగడుగులు వేస్తే పుట్టగొడుగులాంటి శత్రువు ఎదురొస్తుంది. తాకితే ప్రాణం పోతుంది. రెండోసారి దూకుతాం. దూకినప్పుడు నెత్తిమీద ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టెకు తల తగిలి నాణెం రాలుతుంది. ఇంకో పెట్టె నుంచి మంచి పుట్టగొడుగు వచ్చి, గొట్టానికి కొట్టుకొని తిరిగి మన మీదికే వస్తుంది. భయపడి తప్పుకోబోయినా తగులుతుంది, మీసాలాయన పెద్దవాడవుతాడు! చివర్లో ఎదురెదురుగా రెండు మెట్లవరుసలు. నడుమ నేల వుంటుంది. పడినా ప్రమాదం లేదు. ఆ వెంటనే అలాంటివే ఇంకో రెండు. ఈసారి నడుమ గొయ్యి. ముందు అభ్యాసం, తరువాత పరీక్ష. మా కళాశాలలో ఈ వరుస తప్పడం నేను చాలాసార్లు చూశాను.

వైకుంఠపాళిలోనూ నిచ్చెనలున్నాయి. కాని అక్కడ ఎక్కించేదీ పాము నోట్లో పడేసేదీ పాచిక. ఇక్కడ మన బొటనవ్రేలు. మీట ఎంతసేపు నొక్కిపడితే అంత ఎత్తు దూకుతాడు. గాలిలో వుండగానే అటూ ఇటూ మళ్ళించవచ్చు. గోతిలో పడితే తప్పు మనదేనని మనకే తెలుస్తుంది. అందుకే కోపం రాదు, పట్టుదల వస్తుంది. శవం చెట్టెక్కిన ప్రతిసారీ విక్రమార్కుడు మొదటి నుంచి మొదలుపెట్టలేదూ? అలాగే ఇదీను. ఈ పట్టుదల ఎంతదాకా పోయిందంటే, దారిలోని అడ్డదారులన్నీ వెదికి, ఆట మొత్తాన్ని 4 నిమిషాల 55 సెకండ్లలోపు ముగించే ఘనత 2021లో సాధించారు.

కథ మాటకు వస్తే, రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోవడం, వీరుడు కోటలు దాటి వెళ్ళడం మనకు కొత్తవా? బాలనాగమ్మ కథ విన్నవారికి ఇది చుట్టాలిల్లే.

మన ఊళ్ళలో

1990 దశకంలో ఈ ఆట మన పట్టణాలకూ వచ్చింది. అసలు యంత్రాన్ని అనుకరించి చేసిన చవక పెట్టెలు టీవీకి తగిలించుకొనేవారు. అవి కొనలేనివారికి వీధి చివర గంటకింత అని అద్దెకు ఆడించే గదులుండేవి. కంప్యూటరు శిక్షణాలయాల్లోనేమో 'డేంజరస్ డేవ్' నడిచేది. మేరియోను చూసి ఉత్సాహపడి జాన్ రొమేరో అనే అమెరికన్ 1988లో చేసిన ఆట అది.

అక్కడే 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కూడా వుండేది. జోర్డాన్ మెక్నర్ అనే యువకుడు తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలనే బొమ్మలుగా గీసి 1989లో ఈ ఆటను తెచ్చాడు. రాజకుమారిని విడిపించడానికి సరిగ్గా గంట గడువు. దారిలో అద్దంలోంచి దూకినప్పుడు వీరుడి నీడ విడిపోయి వాడికే శత్రువవుతుంది. చివరికి ఎదురుపడినప్పుడు నీడను పొడిస్తే గాయం మనకే. కత్తి ఒరలో పెట్టుకొంటేనే ఇద్దరూ ఒకటవుతారు. ఆ సంగతి కనుక్కున్న రోజు నేను రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

తాళపత్రాల గతి

ఈ ఆట మూలప్రతి తప్పిపోయి, చాలా ఏళ్ళ తరువాత 2012లో మెక్నర్ తండ్రి ఇంట్లో పాత ఫ్లాపీల పెట్టెలో దొరికింది. అన్నిటికీ అంత అదృష్టం లేదు. అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకడంలేదని అక్కడి వీడియో ఆటల చరిత్ర సంస్థ 2023లో లెక్కతేల్చింది. బ్రౌనుదొర తాళపత్రాలు సేకరించి ప్రతులు వ్రాయించకపోతే మనం ఎన్ని కావ్యాలు పోగొట్టుకొనేవారమో తలచుకొంటే, ఇది పిల్లల వ్యవహారమని కొట్టిపారేయలేము.

"ఆటల పిచ్చిలో చదువు పాడవదా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగవలసిందే. ఏ ఆటకైనా వేళ వుండాలి. కాని ఒక తేడా గమనించాలి. ఇప్పటి ఫోను ఆటలు అనేకం ముగియవు. రోజూ రమ్మని బహుమానం ఆశ చూపుతాయి. అడుగడుగునా డబ్బు అడుగుతాయి. పాత ఆటకు ఒక చివర వుంది. రాజకుమారి దొరికితే అయిపోయినట్టే. డబ్బుతో దాటగల గొయ్యి అందులో ఒక్కటీ లేదు; నేర్చుకొని దాటవలసిందే. పిల్ల చేతికి ఏదో ఒకటి ఇవ్వక తప్పనప్పుడు, చివర వున్నదాన్ని ఇవ్వడం మేలని నా అభిప్రాయం. పెద్దలు పక్కన కూర్చుంటే మరీ మేలు.

ఇదంతా మా అమ్మకు చెప్పాను. సగం విన్నది. మర్నాడు సాయంత్రం కుర్చీ టీవీ ముందుకు జరుపుకొని, మనుమరాలి చేతిలోని పలక అందుకొంది. నాలుగడుగులు నడిచి, మొదటి పుట్టగొడుగుకే ప్రాణం పోగొట్టుకొంది. మా అమ్మాయి పకపకా నవ్వింది.

అమ్మ కళ్ళజోడు సర్దుకొని, "నవ్వకే! ఏదీ, ఇంకొక్కసారి చూడనీ" అంది.