ఎనిమిది గొంతులు, ఒక పేరు

మొదటిసారి విన్నప్పుడు నా ఇయర్‌బడ్స్ పాడయ్యాయనుకున్నా. నిజంగా. ఎవరో ఒకామె ఇంగ్లిష్‌లో అటూ ఇటూ దిక్కులు చెబుతోంది. మధ్యలో ఇంకొకరు అందుకున్నారు, వాళ్ల మీద మరొకరు. పొద్దున స్టాండప్ కాల్‌లో అందరూ ఒకేసారి అన్‌మ్యూట్ చేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా. ఫోన్ తీసి చూశాను. కాల్ ఏమీ లేదు, పాటే. ఇంతలో ఆ గోలంతా ఒక్క క్షణంలో కలిసిపోయి, ఎనిమిది గొంతుల పెద్ద నాదం అయిపోయింది. రాత్రి షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో ఇంటికెళ్తున్నాను. దిగాల్సిన చోట దిగలేదు. డ్రైవరన్న రెండుసార్లు పిలిచాడట.

ఆ పాట పేరు 'పార్టిటా ఫర్ 8 వాయిసెస్'. రాసింది కరోలిన్ షా. 2013లో దీనికి సంగీతంలో పులిట్జర్ ప్రైజ్ వచ్చింది. అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. ఆ విభాగంలో 1943 నుంచి ప్రైజులు ఇస్తున్నారు, అంత చిన్న వయసులో అందుకున్నవాళ్లు అంతకుముందు లేరు. ఆ ఏడాది ఫైనలిస్టుల్లో వాడాడా లియో స్మిత్ లాంటి డెబ్భై దాటిన జాజ్ దిగ్గజం కూడా ఉన్నారు.

నాకు ఇరవై ఎనిమిది. ఇలాంటి లెక్కలు చూస్తే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది, అబద్ధం ఎందుకు? కానీ ఆమె మొదటి పదేళ్ల గురించి చదువుతూ పోతే ఆ చురుకు తగ్గి, ఇంకో ప్రశ్న పట్టుకుంది. అసలు ఒక పాట ఎవరిది?

షా పుట్టింది 1982లో, అమెరికాలోని నార్త్ కరోలినాలో. రెండేళ్లప్పుడే తల్లి చేతికి వయొలిన్ ఇచ్చింది. మన ఇళ్లలో సరళీ స్వరాలతో మొదలుపెట్టించినట్టే. రైస్ యూనివర్సిటీలో వయొలిన్, యేల్‌లో మళ్లీ వయొలిన్. గమనించండి, రెండు డిగ్రీలూ వాయించడంలోనే, రాయడంలో కాదు. కంపోజిషన్‌లో పీహెచ్‌డీ కోసం ప్రిన్స్‌టన్‌లో చేరింది 2010లో. అప్పటిదాకా న్యూయార్క్‌లో దొరికిన కచేరీలో వయొలిన్ వాయిస్తూ, చర్చి బృందంలో పాడుతూ ఉండేది. ప్రైజు వచ్చాక కూడా తనను కంపోజర్ అనడం కంటే మ్యూజిషియన్ అనడమే ఇష్టం అనేది. మనలో చాలామంది సైడ్ ప్రాజెక్టు రాసుకుంటూ లింక్డ్‌ఇన్‌లో ఇంకేదో హోదా పెట్టుకున్నట్టు.

2009లో బ్రాడ్ వెల్స్ అనే ఆయన ఎనిమిది మందితో 'రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్' అనే గాయక బృందం పెట్టాడు. పేరుకి అర్థం 'గదినిండా పళ్లు'. వాళ్ల పని తమాషాగా ఉంటుంది. ప్రపంచంలో మనిషి గొంతు ఎన్ని రకాలుగా పలకగలదో ఆ పద్ధతులన్నీ నేర్చుకోవాలి. టువా ప్రాంతంలో ఒకే గొంతులో రెండు స్వరాలు పలికించే విద్య, కొండల్లో పాడే యోడెలింగ్, కొరియా పాన్సోరీ, ఆర్కిటిక్ ఇన్యూట్ ఆడవాళ్ల గొంతు ఆటలు. ఏటా వేసవిలో ఆ పద్ధతుల గురువుల్ని పిలిపించి, కొన్నాళ్లు కూర్చుని నేర్చుకునేవాళ్లు. షా ఆ ఎనిమిది మందిలో ఒకతె. అంటే బయటి నుంచి వచ్చి రాసిన మనిషి కాదు. రాసిన స్వరం మర్నాడు తానే పాడాలి, పక్కన ఫ్రెండ్ గొంతు ఎక్కడ ఆగిపోతుందో తెలుసు.

క్యాంపు జరిగేది మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్ అనే చిన్న ఊళ్లో. ఒకప్పుడు బట్టల మిల్లు, తర్వాత ఎలక్ట్రిక్ సామాన్ల ఫ్యాక్టరీ, మూతపడ్డాక మాస్ మోకా అనే మ్యూజియం అయింది. అందులో సోల్ లివిట్ అనే చిత్రకారుడివి వందకు పైగా గోడ బొమ్మలు ఉన్నాయి. ఇక్కడే నాలాంటి కోడింగ్ వాళ్లకి మజా. లివిట్ గోడమీద బొమ్మ వేయడు, సూచనలు రాస్తాడు. ఫలానా మూల నుంచి ఫలానా గీత మధ్యకు ఒక చుక్క, అక్కడి నుంచి ఇంకో చుక్క, ఇలా. వేసేది వేరేవాళ్లు. ఆయన 2007లో పోయాడు, బొమ్మలు మాత్రం ఇప్పటికీ కొత్త గోడల మీద పడుతూనే ఉన్నాయి. సోర్స్ కోడ్ ఆయనది, రన్ చేసేది మిగతావాళ్లు అన్నమాట.

షా ఆ సూచనల్లో ఒకదాన్ని, 305వ నంబరు గోడ బొమ్మది, పాటలోకి తెచ్చేసింది. దానికి తోడు అమెరికా పల్లెల్లో ఆడే స్క్వేర్ డ్యాన్స్ కేకలు. మన కోలాటంలో గురువు విజిల్ ఊదగానే అడుగు మారుతుందే, అలా అక్కడ ఒకాయన పక్కన నిలబడి కుడికి తిరుగు, జోడీ మార్చు అని కేకలేస్తాడు. నేను క్యాబ్‌లో విన్న దిక్కుల గోల అదే.

మూడు వేసవులు పట్టింది పూర్తవడానికి. నాలుగు భాగాలు: అల్లెమాండ్, సారబాండ్, కురాంట్, పాసకాలియా. నాలుగూ బాఖ్ కాలం నాటి నాట్య రీతుల పేర్లు. వయొలిన్ నేర్చుకున్నవాళ్లకు బాఖ్ పార్టిటాలు తప్పవు కాబట్టి ఆమె వేళ్లలో అవి ముందే ఉన్నాయి. మొత్తం పాతిక నిమిషాలు. వాద్యం ఒక్కటీ లేదు. మీరు విననివాళ్లయితే చివరిదైన పాసకాలియాతో మొదలుపెట్టండి. ఒకే స్వరాల గుత్తిని మళ్లీ మళ్లీ పాడతారు, ప్రతిసారీ నోటి ఆకారం మారుతుంది, మూసి, తెరిచి, ముక్కుతో, ఛాతీతో. స్వరం మారలేదు, అయినా ఫోటోకి ఫిల్టర్లు మార్చినట్టు రంగు మారిపోతూ ఉంటుంది. తర్వాత అంతా మాటల సంతగా విరిగిపోయి, అందులోంచి మళ్లీ లేస్తుంది. అక్కడ నాకు ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

అదే రోజుల్లో తీగల వాద్యాలకూ రాసింది. హైడన్ క్వార్టెట్ ఒకటి విని, దాని ప్రభావంతో 2011లో రాసిన 'ఆంత్రాక్ట్' నాకు ఇంకా ఇష్టం. పాతకాలం నాట్యంలా మొదలై, నడుమ విల్లు తీగ మీద గాలిలా రాసుకునే చప్పుడు మాత్రమే మిగులుతుంది. చివర్లో చెల్లో ఒక్కటే వేళ్లతో మీటుతూ ముగుస్తుంది. 2012లో రాసిన 'వలెన్సియా' అయితే ఒక కమలాపండు మీద! పండు తొనల అమరిక చూసి ముచ్చటపడి రాసిందట.

ఇక ప్రైజు సంగతి. 2012లో బృందం మొదటి ఆల్బమ్ వచ్చింది. పులిట్జర్‌కి ఎంట్రీ ఆమె తానే పంపింది. గెలుస్తానని కాదు, జడ్జీలు వింటే కనీసం తమ బృందం పేరు నలుగురికీ తెలుస్తుందని. ప్రైజు కంపోజర్‌కి ఇస్తారు కాబట్టి పదివేల డాలర్లూ, పేరూ ఆమెకి వచ్చాయి. బృందానికి 2014లో గ్రామీ వచ్చింది. విచిత్రం ఏంటంటే నాలుగు భాగాలూ కలిపి ఒకే కచేరీలో మొదటిసారి పాడింది 2013 నవంబర్‌లో, ప్రైజు ప్రకటించిన ఏడు నెలలకి. 2015లో కాన్యే వెస్ట్ 'సే యూ విల్' కొత్త వెర్షన్‌లో ఆమె గొంతు వినిపించేసరికి మా వయసువాళ్లకి కూడా పేరు చేరింది.

ఇంతవరకు సక్సెస్ స్టోరీ. 2019లో కథ తిరిగింది.

కురాంట్ అనే మూడో భాగం ఊపిరితో మొదలవుతుంది. లోపలికి పీల్చేదీ, బయటికి వదిలేదీ రెండూ స్వరమే. ఇది ఇన్యూట్ ఆడవాళ్ల కతజ్జక్ నుంచి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, ముఖాలు దాదాపు తాకేంత దగ్గరగా నిలబడి ఆడే ఆట. ఎవరికి ముందు నవ్వొస్తే, ఊపిరి తప్పితే వాళ్లు ఓడినట్టు. క్రైస్తవ మిషనరీలు ఒకప్పుడు దీన్ని మాన్పించారు. ముసలివాళ్లు గుర్తుపెట్టుకున్నది పిల్లలు మళ్లీ అడిగి నేర్చుకుంటే నిలబడింది. ఆ సంప్రదాయంలో పాడే తాన్యా తగాక్ అనే పేరున్న గాయని సోషల్ మీడియాలో నేరుగా అడిగింది: ఇది మా వాళ్ల పాట, మా పేరు ఎక్కడుంది, మాకు దక్కింది ఏంటి?

బృందమూ, షా కలిసి జవాబిచ్చారు. 2010లో ఇద్దరు ఇన్యూట్ గాయనుల్ని పిలిచి డబ్బిచ్చే నేర్చుకున్నామని చెప్పారు. దాంతో సరిపోదని కూడా ఒప్పుకున్నారు. ఆన్‌లైన్‌లో మాత్రం రెండు జట్లయ్యాయి. ఫీజు కట్టి నేర్చుకున్నాక ఇంకేంటి అని కొందరు, దొంగతనం అని కొందరు. నా మట్టుకు నాకు ఫీజు వాదన నచ్చలేదు. ఓపెన్ సోర్స్ లైబ్రరీ వాడితే, అది ఉచితమే అయినా లైసెన్స్ ఫైల్‌లో రాసినవాడి పేరు ఉంచాలి. తీసేస్తే తప్పు. ఇది మా ఫ్రెషర్లకి మొదటి వారంలోనే చెబుతాం. అలాగని షా దొంగ అంటే కూడా ఒప్పుకోను. పాసకాలియాలో నాకు కన్నీళ్లు తెప్పించింది ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు.

ఇంత గట్టిగా తీర్పు చెప్పడానికి నాకేం హక్కుందో కూడా చెప్పాలి. మా అమ్మమ్మగారిది శ్రీకాకుళం దగ్గర ఊరు. మూడేళ్ల కిందట ఊడుపుల టైములో వెళ్లినప్పుడు పొలంలో నాట్లేస్తూ ఆడవాళ్లు పాడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేశాను. హైదరాబాద్ వచ్చాక దానికింద ఒక బీట్ పెట్టి, రీల్ చేసి వదిలాను. 'మ్యూజిక్' అని నా హ్యాండిల్ పెట్టుకున్నాను. కొన్ని వేల మంది చూశారు. తగాక్ గొడవ గురించి చదివిన రాత్రి ఆ రీల్ గుర్తొచ్చి నిద్రపట్టలేదు.

పోయిన సంక్రాంతికి వెళ్లి, ఆ పాట ఎత్తుకున్న పెద్దమ్మకి చూపించాను. మొత్తం విన్నది. "డప్పు బాగుంది. పాట మాది, పేరు నీదేటి బాబూ?" అంది నవ్వుతూనే. "తప్పయింది పెద్దమ్మా, మీ పేరు పెడతాను" అన్నాను.

"నా ఒక్కదాని పేరెందుకు? ఆ రోజు మడిలో ఎంతమందిమి ఉన్నాం?"

ఆవిడ వేళ్లు మడుస్తూ చెబుతుంటే ఫోన్‌లో టైప్ చేసుకున్నాను. పదకొండు మంది. అందులో ఒకామె విశాఖ వలస వెళ్లిపోయింది, ఒకామె లేదు. ఇంకొకామె, తన పేరు ఫోన్‌లో వద్దంది. పాత రీల్ తీసేసి, పది పేర్లతో మళ్లీ పెట్టాను. వ్యూస్ సున్నా నుంచి మొదలయ్యాయి.