భూగర్భమును జూచు యంత్రము

మెదకు పట్టణమునకు చుట్టునున్న గ్రానైటు గుట్టల నడుమ బోరు వేయదలచిన రైతు, అరచేతిలో కొబ్బరికాయ నుంచుకొని చేనంతయు కలయదిరుగు పెద్దమనిషిని ముందుగా పిలిపించుకొనుట నేటికిని కలదు. కాయ నిట్టనిలువుగా లేచినచోట జలమున్నదని నమ్మి, అప్పు చేసి రాయి తొలిపించి, తుదకు తెల్లని దుమ్మును మాత్రమే కన్నవారును కలరు. నేలమీద నిలిచియే లోపలిదానిని చూడవలెనను ఈ చిరకాలవాంఛయే, భూమిలోనికి రేడియో తరంగములను పంపి వాని ప్రతిధ్వనిని పట్టుకొను గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌ను, అనగా జీపీఆర్‌ను, పుట్టించినది.

1910లో జర్మనీలో లైంబాక్, లోవీ అనువారు ఇట్టి ఉపాయమునకు పేటెంటు పొందిరి. 1929లో స్టెర్న్ ఆస్ట్రియాలోని ఒక హిమానీనదము లోతును కొలిచెను. పిమ్మట చిరకాలము ఆ ఊసే లేదు. దాని పునర్జన్మము ఒక పొరపాటు వలన కలిగినది: గ్రీన్‌లాండుపై ఎగురు విమానముల రాడార్ యంత్రములు మంచు ఉపరితలమును గాక దాని అడుగునున్న రాతినేలను కొలిచి, చోదకునికి లేని ఎత్తును చూపుచుండెను. ప్రాణాంతకమైన ఆ తప్పులోనే, రాడార్‌కు మంచు గాజువలె పారదర్శకమను సత్యము దాగియుండెను. 1960వ దశకమున కేంబ్రిడ్జిలో స్టాన్లీ ఎవాన్స్ దానిని ధ్రువప్రాంత శాస్త్రమునకు సాధనముగా మలచెను. 1972లో అపోలో-17 నౌక ఆ విద్యనే చంద్రునిపై ప్రయోగించినది.

పని మాత్రము సులువుగనే తెలియును. చిన్న బండివంటి పెట్టెను నేలమీద ఈడ్చుకొనిపోవుచుండగా, లోపల గొట్టమొకటి యున్నచో తెరపై బోర్లించిన మూకుడువంటి వంపుగీత యొకటి ఏర్పడును. పెట్టె దగ్గరపడు కొలది దూరము తగ్గి, దాటిపోవు కొలది పెరుగుటయే ఆ వంపునకు కారణము. గాలిలో సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవు తరంగము మంచులో దానికి సగము కన్న కొంచె మెక్కువ వేగముతో సాగును. హిమాచలములోని ఛోటా శిగ్రీ హిమానీనదముపై 2009లో కొలిచినపుడు, మంచు మందము 124 మీటర్ల నుండి 270 మీటర్ల వరకు తేలినది. ఆ 270 మీటర్లు దిగి తిరిగివచ్చుటకు తరంగమునకు పట్టునది సెకనులో పదిలక్షలవ వంతులు ఇంచుమించు మూడు మాత్రమే.

మంచులో ఇంత దూరము చూచు ఈ కన్ను, తడిసిన రేగడి ఎదురైనంతనే ఒకటి రెండు మీటర్లకే మసకబారును. బంకమన్ను విద్యుత్తును తేలికగా ప్రవహింపనిచ్చి తరంగశక్తిని మ్రింగివేయును. మన ఎండిన చెలకలలోను, గట్టి గ్రానైటులోను మాత్రము చూపు చక్కగా సాగును. కనుక యంత్రము కొన్నవాడు ముందుగా నేలనెరుగవలెను.

1961లో స్థాపితమైన హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఈ సాధనమును 2025లో అత్యంత దారుణమైనచోట వాడవలసివచ్చినది. ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలము ఎడమగట్టు కాలువ (ఎస్.ఎల్.బి.సి.) సొరంగము కప్పు కూలి, ఎనిమిదిమంది బురదలో చిక్కుకొనిరి. నీరు, బురద, సొరంగము తొలిచెడి యంత్రపు విరిగిన ఇనుము: రాడార్‌కు శత్రువులైన మూడును అక్కడ కలిసియుండెను. ఇనుము ప్రతి తరంగమును వెనుకకు తిప్పికొట్టును. తెరపై మనిషికిని లోహమునకును భేదము తేల్చుట కష్టము. అనుమానపు చోట్లను యంత్రము గుర్తించెను, కేరళ పోలీసు శునకములును వాసన పట్టెను, మనుషులు చేతులతో బురద తోడిరి. మార్చి 9న మొదటి మృతదేహము బయటపడినది.